మర బిగించేది నిమిషాల్లో, ఎముక పట్టేది నెలల్లో

పళ్ల సంగతులు: పాఠకుల ప్రశ్నలు, దంతవైద్యుల జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఇంప్లాంట్ల (పన్ను పోయిన చోట ఎముకలో మర దింపి కట్టే పళ్ల) గురించే. ఒకే రకం ప్రశ్నలను కలిపి, కొన్నింటికి వివరంగా, కొన్నింటికి క్లుప్తంగా జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: నా వయసు 46. కింది దవడ పన్ను పుచ్చిపోతే ఎనిమిది నెలల కిందట పీకించుకున్నాను. అటూ ఇటూ ఉన్న పళ్లు గట్టిగానే ఉన్నాయి. బ్రిడ్జి (పక్క పళ్ల ఆసరాతో కట్టే పన్ను) వద్దు, ఇంప్లాంటు పెట్టించుకోమని డాక్టరు చెప్పారు. ఎముకలోకి మర దింపుతారని వినగానే భయం పట్టుకుంది. ఏం చేస్తారు, ఎన్నిసార్లు తిరగాలి, నొప్పి ఎంత ఉంటుంది?
(ఒక గృహిణి, కావలి)

జవాబు: మీ డాక్టరు చెప్పిన మాట సబబే. బ్రిడ్జి కట్టాలంటే బాగున్న రెండు పళ్లనూ చుట్టూ అరగదీయాలి. ఒకసారి అరిగిన పన్ను మళ్లీ రాదు. మీ పక్క పళ్లు గట్టిగా ఉన్నాయంటున్నారు కాబట్టి వాటి జోలికి పోకుండా ఉండటమే లాభం.

ఇంప్లాంటులో మూడు ముక్కలుంటాయి. ఎముకలో కూర్చునేది టైటానియం మర. దవడ పన్నుకి మామూలుగా 4 నుంచి 5 మి.మీ. లావు, 8 నుంచి 12 మి.మీ. పొడవు ఉండేది వాడతారు. దాని మీద చిగురు దాటి పైకి వచ్చే చిన్న కడ్డీ పేరు అబట్‌మెంటు. అన్నిటికన్నా పైన, మన కంటికి పన్నులా కనిపించేది క్యాపు. ఈ మూడూ ఒకే రోజు పెట్టరు. మధ్యలో ఎముక చేసుకోవాల్సిన పని ఒకటుంది. ఫీజు ఎంతైనా దాన్ని తొందరపెట్టలేం.

ముందు సీబీసీటీ స్కాన్ (దవడ ఎముకను అన్ని వైపుల నుంచీ చూపేది) తీస్తారు. మామూలు ఎక్స్-రేలో ఎముక ఎత్తు తెలుస్తుంది, వెడల్పు తెలియదు. మీకు ఈ స్కాన్ తప్పనిసరి. పన్ను పీకాక ఆ చోట ఎముక వెడల్పు ఏడాదిలో సగం దాకా తగ్గిపోవచ్చు. ఆ తరుగులో ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే జరిగిపోతుంది. మీకు ఎనిమిది నెలలయింది. 4 మి.మీ. మర పట్టాలంటే ఎముక వెడల్పు కనీసం 6, 7 మి.మీ. ఉండాలి. చాలకపోతే ఎముక పొడి వేసి పెంచాల్సి వస్తుంది. అప్పుడు మరికొన్ని నెలలు, మరికొంత ఖర్చు. కింది దవడ లోపల పెదవికి, గడ్డానికి స్పర్శనిచ్చే నరం కూడా పోతుంది. మర కొసకూ ఆ నరానికీ మధ్య 2 మి.మీ. ఖాళీ వదలాలి. స్కాన్ లేకుండా కింది దవడ పన్నుకి మర దింపుతామంటే ఒప్పుకోకండి.

మర దింపే రోజు మత్తు సూది ఆ చోట మాత్రమే వేస్తారు. నొప్పి ఉండదు గానీ అదురు, చప్పుడు తెలుస్తాయి. చిగురు కోసి, ముందు 2 మి.మీ. డ్రిల్లుతో దారి చేస్తారు. తర్వాత ఒకదాని కంటే ఒకటి లావుగా ఉండే డ్రిల్లులతో రంధ్రాన్ని పెంచుతారు. అంతసేపూ సెలైన్ నీళ్లు ధారగా పడుతూ ఉండాలి. ఎముక 47 డిగ్రీల వేడి దగ్గర ఒక్క నిమిషం ఉన్నా ఆ చోట జీవకణాలు చచ్చిపోతాయి. చచ్చిన ఎముకకు మర పట్టదు. నోట్లో నీళ్లు నిండిపోతున్నాయని విసుక్కోవద్దు, అవి మీ మేలుకే. ఆఖరున మరను 35 న్యూటన్ సెంటీమీటర్ల బిగువు దాకా తిప్పి, మూత బిగించి, కుట్లు వేస్తారు. ఒక్క పన్నుకి మొత్తం ముప్పావు గంట, గంట పడుతుంది. పన్ను పీకించుకున్నప్పటి నొప్పి కంటే తక్కువేనని చాలామంది చెప్తారు.

ఇంటికొచ్చాక దూదిగుడ్డను ముప్పావు గంట గట్టిగా కొరికి పట్టుకోండి. ఆ రోజంతా ఉమ్మిలో ఎర్రజీర కనిపించడం మామూలే. పదే పదే ఉమ్మొద్దు, పుక్కిలించొద్దు, స్ట్రాతో తాగొద్దు. గాయం మీద కట్టిన గడ్డ ఊడొస్తుంది. మొదటి రోజు బుగ్గ మీద ఐసుముక్కల మూట పది నిమిషాలు పెట్టి, పది నిమిషాలు తీస్తూ ఉండండి. వాపు రెండో రోజో మూడో రోజో ఎక్కువై తర్వాత దిగుతుంది. నాలుగో రోజు నుంచి పెరిగితే ఫోన్ చేయాల్సిందే. మర్నాటి నుంచి క్లోరెక్సిడిన్ మందు రోజుకు రెండుసార్లు, మెల్లగా నోట్లో తిప్పి వదిలేయండి. పేస్టుతో తోమిన వెంటనే వాడితే దాని బలం పోతుంది, అరగంట ఆగాలి. రెండు వారాలు మించి వాడితే పళ్లకు గోధుమ రంగు పడుతుంది, టీ తాగేవాళ్లకు ఇంకాస్త ఎక్కువ.

ఒక్క లక్షణాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. మత్తు మూడు నుంచి ఐదు గంటల్లో దిగాలి. మర్నాడు పొద్దున లేచేసరికి కూడా పెదవి, గడ్డం మొద్దుబారే ఉంటే వెంటనే డాక్టరును కలవండి. నరం మీద మర ఒత్తుతూ ఉంటే తొలి రోజునే వెనక్కి తీసేయాలి. 'మత్తు ఇంకా దిగలేదేమో' అని వారం చూస్తే ఆ స్పర్శ తిరిగి రాకపోవచ్చు.

వారం, పది రోజులకు కుట్లు తీస్తారు. నొప్పి, వాపు ఉండవు. చాలామంది పొరపాటు చేసేది సరిగ్గా అప్పుడే. బిగించిన రోజు మర గట్టిగా ఉండేది పాత ఎముక పట్టు వల్ల. ఆ పాత ఎముక అంచు మెల్లగా కరిగి, దాని చోట కొత్త ఎముక పుట్టి మరను పట్టుకోవాలి. కరగడం ముందు, పుట్టడం తర్వాత. అందుకే రెండో వారం నుంచి నాలుగో వారం దాకా మర అన్నిటికన్నా బలహీనంగా ఉంటుంది. నొప్పి లేదు కదా అని ఆ వైపున చెరుకు ముక్కో, వేయించిన శనగలో కొరికితే లోపల మర వెంట్రుకవాసి కదులుతుంది. అలా కదిలిన చోట ఎముకకు బదులు మెత్తటి పీచు పెరుగుతుంది. ఆ మర ఇక ఎప్పటికీ పట్టదు.

కింది దవడలో మూడు నెలలు, పై దవడలో ఎముక గుల్లగా ఉంటుంది కాబట్టి నాలుగు నుంచి ఆరు నెలలు ఆగుతారు. తర్వాత చిగురు కొద్దిగా తెరిచి, మూత తీసి, హీలింగ్ క్యాపు అనే తాత్కాలిక బిళ్ల పెడతారు. చిగురు దాని చుట్టూ రెండు వారాల్లో గుండ్రంగా సర్దుకుంటుంది. కొందరు డాక్టర్లు దీన్ని మొదటి రోజే పెట్టేస్తారు, అప్పుడు రెండో కోత ఉండదు. ఆ తర్వాత అచ్చు తీసి ల్యాబుకు పంపి, వారం పది రోజుల్లో పన్ను బిగిస్తారు. పన్ను బిగించే చిన్న స్క్రూను, బిగువు కొలిచే టార్క్ రెంచీతో కంపెనీ చెప్పిన కొలతకు తిప్పాలి, చాలా కంపెనీలకు 30, 35 న్యూటన్ సెంటీమీటర్లు. పది నిమిషాలాగి మళ్లీ ఒకసారి తిప్పాలి, తొలి బిగువు కాస్త సడలుతుంది కనుక. క్యాపులో ఆ స్క్రూ దిగే రంధ్రంలో తెల్లటి టెఫ్లాన్ టేపు కుక్కి, పైన పన్ను రంగు సిమెంటుతో మూస్తారు. అది కుళాయిలు బిగించేవాళ్లు చుట్టే టేపు లాంటిదే, కంగారు పడకండి. మొత్తం మీద ఆరేడుసార్లు తిరగాల్సి ఉంటుంది.

ప్రశ్న: మాది కనిగిరి దగ్గర పల్లె. చిన్నప్పటి నుంచి బోరు నీళ్లే తాగాం. నా పళ్లన్నీ గార పళ్లే. ముందు పన్ను ఒకటి బండి మీద నుంచి పడి విరిగింది. ఫ్లోరైడు ఉన్నవాళ్లకు ఎముక పట్టదని ఒకరు, రంగు కలవదని ఒకరు అంటున్నారు.
(పాఠకుడు, 29)

జవాబు: మన దేశంలో ఫ్లోరోసిస్ (నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువై పళ్లు, ఎముకలు దెబ్బతినడం) గురించి వైద్య పత్రికలో మొదటగా 1937లో రాసింది అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల సంగతే. కనిగిరి, పొదిలి, దర్శి అప్పట్లో ఆ జిల్లాలోవే. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వచ్చాయి. ఇన్నేళ్లయినా మీ ఉత్తరం లాంటివి వస్తూనే ఉన్నాయి.

పంటి మీది గోధుమ మరకలు ఎనిమిదేళ్ల లోపు, పన్ను ఎముక లోపల తయారయ్యేటప్పుడు పడినవి. పన్ను రంగు చూసి దవడ ఎముక ఎలా ఉందో చెప్పలేం. గార పళ్లు ఉన్నంత మాత్రాన ఇంప్లాంటు కుదరదనడం తప్పు. అయితే ఫ్లోరైడు ఎముకల్లోకీ దిగి ఉంటే లెక్క మారుతుంది. మెడ, నడుము బిగుసుకుపోవడం, వంగి లేవలేకపోవడం, ఎక్స్-రేలో ఎముకలు మరీ తెల్లగా కనిపించడం దాని గుర్తులు. అలాంటి ఎముక చూడటానికి గట్టిదే గానీ పెళుసు. గట్టి ఎముకలో డ్రిల్లు త్వరగా వేడెక్కుతుంది. అందుకే కొత్త డ్రిల్లు, తక్కువ వేగం, ఆపి ఆపి దింపడం, నీళ్లు ధారాళంగా పోయడం అవసరం. మర దింపే ముందు ఆ రంధ్రం గోడకు మర గాట్లు కోయకుండా బలవంతంగా తిప్పితే ఎముక నలిగిపోతుంది. మీరు పుట్టి పెరిగిన ఊరు, తాగిన నీళ్ల సంగతి డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి.

రంగు సంగతి మాత్రం నిజంగా చిక్కే. క్యాపు రంగు ఒకసారి తయారయ్యాక మారదు, బ్లీచింగు దాని మీద పనిచేయదు. మిగతా ముందు పళ్లను తెల్లగా చేయించుకునే ఆలోచన ఉంటే అది ముందు పూర్తి చేసి, రెండు వారాలు ఆగి, అప్పుడు క్యాపు రంగు ఎంచుకోవాలి. ఆ ఆలోచన లేకపోతే పక్క పళ్ల మరకలు పడేలా ఎండ వెలుగులో ఫోటో తీసి ల్యాబుకు పంపమనండి. మరకను కూడా క్యాపు మీద చిత్రించగలరు. పాలలాంటి తెల్ల పన్ను ఒక్కటే మధ్యలో మెరిస్తే అందరి చూపూ దాని మీదే పడుతుంది.

ప్రశ్న: మా నాయనకు 62. పదిహేనేళ్లుగా షుగరు. రెండేళ్ల కిందట గుండెకు స్టెంటు వేశారు, రక్తం పలచబరిచే ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్ మాత్రలు వాడుతున్నారు. రోజుకు మూడు నాలుగు చుట్టలు కాలుస్తారు. పై పళ్లు రెండు కట్టించాలి. మాత్రలు వారం ముందు ఆపేయమని తెలిసినాయన చెప్పాడు.
(కందుకూరు నుంచి)

జవాబు: మాత్రలు ఆపొద్దు. ఒకటి రెండు ఇంప్లాంట్లకు కారే రక్తాన్ని కుట్టుతో, ఒత్తిడితో ఆపొచ్చు. స్టెంటు మూసుకుపోతే మాత్రం ఎవరి చేతుల్లోనూ ఉండదు. మార్చాలా వద్దా అన్నది గుండె డాక్టరు రాసిచ్చిన కాగితం మీదే ఉండాలి. ఎకోస్ప్రిన్ కాకుండా, రక్తం గడ్డకట్టకుండా ఆపే అసిట్రోమ్ లాంటి మందు వాడేవాళ్లు ఆపరేషనుకు ముందు ఐఎన్ఆర్ పరీక్ష (రక్తం ఎంతసేపటికి గడ్డకడుతుందో చూసేది) చేయించుకోవాలి. వాళ్లకు మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ మాత్ర కలిపితే రక్తం మరీ పలచబడుతుంది. చీటీ రాసేటప్పుడే ఆ మాట గుర్తు చేయండి. నొప్పికి మీ నాయనకు పారాసిటమాల్ చాలు. మందుల షాపులో అడిగి వేరే నొప్పి మాత్రలు తెచ్చి వేయొద్దు.

షుగరుకు పొద్దున చూసే లెక్క చాలదు. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ చూడాలి. 7 లోపు ఉంటే నిశ్చింత. 7, 8 మధ్య ఉంటే డాక్టరు నిర్ణయం. 8 దాటితే ముందు షుగరు దించుకుని రమ్మనడమే న్యాయం, ఇంప్లాంటు అత్యవసరం కాదు. మర దింపే రోజు టిఫిను తిని, మాత్రలు వేసుకుని, పొద్దుటి పూట అపాయింట్‌మెంటుకే వెళ్లండి. మత్తు ఉందని పస్తు పెడితే క్లినిక్కులోనే షుగరు పడిపోతుంది.

చుట్టే అసలు అడ్డం. పొగ తాగేవాళ్లలో ఇంప్లాంటు ఊడే ప్రమాదం తాగనివాళ్ల కంటే దాదాపు రెండింతలు. పైగా పై దవడ ఎముక ముందే గుల్ల. కనీసం వారం ముందు నుంచి, మర దింపాక ఎనిమిది వారాలు చుట్ట ముట్టకూడదు. పొగాకు పండే ఊళ్లలో ఈ మాట చెప్పడం తేలిక, పాటించడం కష్టమని మాకు తెలుసు. మానలేనంటే ఇంప్లాంటు డబ్బులు దాచుకుని, తీసి పెట్టుకునే పళ్ల సెట్టు కట్టించుకోవడమే మేలని మా అభిప్రాయం.

ఇదే వయసు ఆడవాళ్లకు ఒక మాట. ఎముకలు గుల్లబారాయని వారానికో మాత్రో, ఏడాదికో సూదో వేయించుకుంటూ ఉంటే అది తప్పకుండా చెప్పాలి. వాటిలో కొన్ని మందుల వల్ల దవడ ఎముక మానకుండా పోయే ప్రమాదం ఉంది.

ప్రశ్న: ఉదయగిరి మండలం. కువైట్‌లో డ్రైవరుగా చేస్తున్నాను. నలభై రోజుల సెలవు మీద వస్తున్నాను, మళ్లీ రెండేళ్లకు గానీ రాలేను. ఈ సెలవులో అయిపోతుందా?

జవాబు: పన్ను ఇప్పటికే తీసేసి, ఎముక బాగుంటే మర వరకు అవుతుంది. క్యాపు వరకు కాదు. దిగిన మొదటి వారంలోనే మర వేయించుకోండి. రెండో వారంలో కుట్లు, బయల్దేరే ముందు ఒకసారి చూపించుకోవడం. పెళ్లిళ్లు, తిరునాళ్లు అయ్యాక చివరి వారంలో చూద్దామనుకోవద్దు. చీము పట్టినా, కుట్టు తెగినా విమానంలో చేసేదేమీ లేదు. పై దవడ మీద ఉండే గాలి అర (సైనస్) పొరను పైకి లేపి ఎముక పొడి వేస్తే రెండు వారాలు ముక్కు చీదకూడదు, విమానమూ ఎక్కకూడదు.

చిగురు కింద మూత వేసి ఉన్న మర ఏడాది, రెండేళ్లు ఆగినా దానికి నష్టం లేదు. నష్టం మిగతా పళ్లకు. ఎదురు పన్ను ఖాళీలోకి జారుతుంది, పక్కది ఒరుగుతుంది. తిరిగొచ్చేసరికి క్యాపుకు చోటుండదు. రెండు దార్లున్నాయి. తీసి పెట్టుకునే ఒంటి పన్ను ప్లేటు చేయించుకుని రాత్రి తప్ప పెట్టుకోవడం ఒకటి. నాలుగు నెలల తర్వాత అక్కడే క్యాపు వేయించుకోవడం రెండోది. దానికి మర కంపెనీ, మోడలు, లావు, పొడవు, లాట్ నంబరు ఉన్న స్టిక్కరు మీ చేతిలో ఉండాలి. కంపెనీకో తీరు మర, దానికో తీరు స్క్రూడ్రైవరు. పేరు తెలియని మరకు క్యాపు కట్టడం ఏ డాక్టరుకైనా తలనొప్పే. పన్ను ఇంకా పీకించుకోలేదంటే ఈ సెలవులో పీకించుకుని ఆ గుంతలో ఎముక పొడి నింపించుకోండి, మర పై సెలవుకు.

ప్రశ్న: 'ఒక్క రోజులో పళ్లు' అని ఒంగోలులో బోర్డులు చూశాను. నిజమేనా?

జవాబు: కొందరికి నిజమే. మర 35 న్యూటన్ సెంటీమీటర్లు, అంతకు మించి బిగువుగా కూర్చుంటే అదే రోజు తాత్కాలిక పన్ను పెడతారు. అది చూపుకే, నమలడానికి కాదు. ఎదురు పన్నుకు తగలకుండా కాస్త పొట్టిగా చేస్తారు. ఎముక పట్టే నెలలు దీనికీ అన్నే. ముందు పళ్లకు బాగుంటుంది, దవడ పన్నుకి అంత హడావిడి అక్కర్లేదు.

ప్రశ్న: నెల్లూరులో ఒక క్లినిక్కులో మూడేళ్ల కిందట ఇంప్లాంటు వేయించాను. ఇప్పుడు క్యాపు కదులుతోంది, నొప్పి లేదు. తోమితే పక్కన రక్తం వస్తోంది. ఊడిపోయినట్టేనా?

జవాబు: కదిలేది ఏదో తేలాలి. క్యాపు మర చుట్టూ తిరుగుతూ, నొప్పి లేకుండా ఉంటే చాలాసార్లు లోపలి చిన్న స్క్రూ సడలి ఉంటుంది. క్యాపు తీసి, స్క్రూ మార్చి, కొలతగా బిగిస్తే సరిపోతుంది. కానీ సడలినదాని మీదే నెలల తరబడి నమిలితే ఆ స్క్రూ విరుగుతుంది, విరిగిన ముక్క తీయడం పెద్ద పని. కాబట్టి ఈ వారమే వెళ్లండి. స్క్రూ ఎందుకు సడలిందో కూడా అడగండి. క్యాపు ఎత్తుగా ఉండి దెబ్బంతా దాని మీదే పడటం, రాత్రి పళ్లు కొరకడం, రెంచీ లేకుండా చేతి బిగువుతో వదిలేయడం మామూలు కారణాలు. అసలు పన్ను కింద మెత్తటి పొర ఉండి ఒత్తిడి ఎక్కువైతే మనకు తెలుస్తుంది. ఇంప్లాంటుకు ఆ పొర లేదు, ఎంత గట్టిగా కొరికినా 'చాలు' అనదు. పళ్లు కొరికే అలవాటుంటే రాత్రి పెట్టుకునే గార్డు చేయించుకోండి. క్యాపు ఊడి చేతికొస్తే డబ్బాలో దాచి తీసుకెళ్లండి, ఇంట్లో జిగురుతో అతికించొద్దు.

ఎముకలోని మరే కదులుతుంటే దానికి వైద్యం లేదు, తీసేయాల్సిందే. ఎముక మానాక అక్కడే మరొకటి వేయడానికి చాలామందికి వీలుంటుంది.

రక్తం సంగతి వేరు. చిగురు మాత్రమే ఎర్రబడితే శుభ్రం చేయిస్తే తగ్గుతుంది. ఎక్స్-రేలో మర చుట్టూ ఎముక గిన్నెలా తినేసి ఉంటే అది ముదిరినట్టు. క్యాపును సిమెంటుతో అతికించి ఉంటే చిగురు కిందికి జారిన సిమెంటు తునక కూడా దీనికి కారణమవుతుంది, దాన్ని వెతికి తీయాలి. ఇక నుంచి రోజూ రాత్రి, తీగకు ప్లాస్టిక్ పూత ఉన్న ఇంటర్‌డెంటల్ బ్రష్‌తో క్యాపుకు రెండు పక్కలా తోమండి. చీపురుపుల్ల, పిన్నీసు పెట్టి గెలకొద్దు. పళ్లపొడి, బొగ్గు, ఇటుక పొడి వద్దు. ఆరు నెలలకోసారి చూపించుకోండి, ఏడాదికోసారి ఎక్స్-రే.

ప్రశ్న: ఖర్చు ఒక్కో చోట ఒక్కోలా చెప్తున్నారు. ఏది నమ్మాలి?

జవాబు: అంకెను కాదు, అందులో ఏమేం కలిసున్నాయో చూడండి. 'ఇంప్లాంటు ఇంత' అన్నప్పుడు అది మర ఒక్కటేనా, అబట్‌మెంటు, క్యాపు కూడానా? స్కాన్ వేరా? ఎముక పొడి వేయాల్సి వస్తే ఎంత? క్యాపు లోహం మీద పింగాణీయా, జిర్కోనియానా? మర పట్టకపోతే రెండోది ఎవరి ఖర్చు? ఈ ఐదూ కాగితం మీద రాయించుకున్నాక రెండు క్లినిక్కుల అంకెలు పక్కపక్కన పెట్టండి. డెంటల్ కాలేజీల్లో చేయించుకుంటే సాధారణంగా తక్కువవుతుంది, సమయం ఎక్కువ పడుతుంది.

ప్రశ్న: ఇంప్లాంటు ఉంటే ఎమ్మారై తీయకూడదంటారు, నిజమా?

జవాబు: టైటానియాన్ని అయస్కాంతం లాగదు, తీయొచ్చు. తీసేవాళ్లకు ముందు చెప్పండి. తీసి పెట్టుకునే సెట్టు కింద అయస్కాంతపు బిళ్లలు ఉంటే మాత్రం సెట్టు ఇంట్లో వదిలి వెళ్లడమే కాదు, దవడలో ఉన్న భాగం గురించి కూడా చెప్పాలి.

ప్రశ్న: మర వేయించుకున్నాక చేపల పులుసు ఎన్నాళ్లకు తినొచ్చు? (నవ్వకండి.)
(నెల్లూరు)

జవాబు: నవ్వడం లేదు, నెల్లూరులో ఇది వైద్య సంబంధమైన ప్రశ్నే. మొదటి రెండు రోజులు చల్లారిన పెరుగన్నం, రాగి జావ, మెత్తటి ఇడ్లీ. కుట్లు తీసే దాకా వేడి, కారం, పులుపు మూడూ వద్దు, గాయం మంట పుడుతుంది. రెండు వారాల తర్వాత తినండి. కొర్రమీను ముక్క ముల్లు తీసి, చల్లార్చి, రెండో వైపు నమలండి. సన్న ముళ్లున్న చేపలు మాత్రం ఇంకో నెల ఆగాలి. ముల్లు కుట్టు మానిన చోట గుచ్చుకుంటే తీయడానికి మళ్లీ మత్తు సూదే.